స్విచ్ ఆపిన తర్వాత

శనివారం, రాత్రి

మధ్యాహ్నం భోజనం అయినప్పటి నుంచి చీకటి పడేవరకు ఈ రోజంతా కాలేజీ రోబోటిక్స్ వర్క్‌షాపులోనే గడిచింది. రోబోకాన్ అనే కాలేజీ రోబోల పోటీకి సిద్ధమవుతున్న మా జట్టుకు శనివారాలే తీరికగా పని చేసుకోగలిగిన రోజులు. మిగతా వారమంతా క్లాసులు, రికార్డులు, ఇంటర్నల్ పరీక్షలతోనే సరిపోతుంది. పిల్లలు రాకముందే నేనూ, అందరూ బాబాయి గారని పిలిచే మా ఫిట్టింగ్ ఇన్‌స్ట్రక్టర్ గారూ కలిసి గదిని ఒకసారి చుట్టి వస్తాం. మంటలార్పే సిలిండర్ మీది ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉన్నదా, ఇసుక బకెట్‌లో ఎవరైనా కాగితాలు, టీ కప్పులు వేశారా, ఎక్స్‌టెన్షన్ బాక్సుల వైర్లు ఎక్కడైనా నలిగాయా అని చూసుకున్న తర్వాత, గోడమీది ఆర్‌సీసీబీకి ఉన్న టెస్ట్ బటన్‌ను ఆయన నొక్కుతారు. కరెంటు టక్కున పోవాలి. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పి భూమిలోకి పోయినా సరఫరాను తెంచేసే ఆ చిన్న పెట్టె పని చేస్తున్నదని కళ్లారా చూశాకే తలుపులు తెరుస్తాం.

తిరుగుతున్న యంత్రం దగ్గర పిల్లలు సహజంగానే జాగ్రత్తగా ఉంటారు. దాని చప్పుడే వాళ్లను కాస్త దూరంగా నిలబెడుతుంది. నా బెంగ అంతా ఆగిపోయినట్టు కనిపించే వస్తువుల గురించే. స్విచ్ ఆపినంత మాత్రాన వేడి పోదు, బ్యాటరీలో నిలవ ఉన్న శక్తి పోదు, ట్యాంకులోని గాలి పోదు, గ్రైండర్ రాయి వెంటనే నిలవదు. ఈ రోజు జరిగిన రెండు సంఘటనలూ ఈ సంగతికి సంబంధించినవే కాబట్టి వాటిని వివరంగా రాసుకుంటున్నాను.

మొదటిది సోల్డరింగ్ బల్ల దగ్గర జరిగింది. మేము వాడే సీసం, తగరం కలిసిన టంకం సుమారు 183 నుంచి 190 డిగ్రీల మధ్య కరుగుతుంది. అతుకు త్వరగా, శుభ్రంగా రావడానికి, టంకాన్ని కరిగించే సోల్డరింగ్ ఐరన్ మొనను 350 డిగ్రీల దగ్గర ఉంచుతాం. అంత వేడిలోనూ ఆ మొన ఎర్రబడదు. కాలుతున్న ఐరన్‌కూ, చల్లారిన ఐరన్‌కూ చూపుకు ఏ తేడా ఉండదు. కొత్తగా జట్టులో చేరిన మొదటి సంవత్సరం అబ్బాయి ఒకడు, స్విచ్ ఆపి ఉంది కదా అని, బల్ల మీద అడ్డంగా ఉన్న ఐరన్‌ను పక్కకు జరపబోయి దాని లోహపు భాగాన్ని పట్టుకున్నాడు. దాన్ని అంతకుముందే వేరొకరు వాడి, స్టాండులో పెట్టకుండా వెళ్లిపోయారు. చూపుడు వేలు, బొటనవేలు కాలాయి. చుట్టూ చేరిన వాళ్లలో ఒకరు పళ్ల పేస్టు తెస్తామన్నారు, ఇంకొకరు సిరా రాస్తే బొబ్బ ఎక్కదన్నారు. మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న ఈ అలవాట్లను పిల్లలు ఎంతో ప్రేమతో చెబుతారు కనుక కసురుకోవాలనిపించదు; అయితే పేస్టు కాలిన చోట వేడిని లోపలే పట్టి ఉంచుతుంది, సిరా గాయం ఎంత లోతున్నదో డాక్టరుకు కనిపించకుండా చేస్తుంది. నేను అతన్ని కుళాయి దగ్గరకు తీసుకెళ్లి, ధారగా పారే మామూలు నీళ్ల కింద 20 నిమిషాలు వేళ్లు ఉంచమన్నాను. మంచుముక్క పెట్టనివ్వలేదు.

రెండు నిమిషాలకే అతను “తగ్గిపోయింది మేడమ్, వెళ్లి పని చూసుకుంటాను” అన్నాడు. మంట కన్నా సీనియర్ల ముందు చిన్నబోయానన్న బాధే అతనికి ఎక్కువగా ఉన్నట్టుంది. పైన చల్లబడినా చర్మం లోపలి పొరల్లో వేడి ఇంకా పని చేస్తూనే ఉంటుందని, అందుకే అంతసేపు నీళ్లు కావాలని చెప్పి, ఆ సమయమంతా నేనూ అక్కడే నిలబడి అతని ఊరు, ఇంట్లో వాళ్ల సంగతులు అడుగుతూ ఉన్నాను. తర్వాత గాయాలకు కట్టే శుభ్రమైన పలుచటి గుడ్డ వదులుగా చుట్టి, బొబ్బ వస్తే చిదపవద్దని చెప్పి, స్నేహితుణ్ణి తోడిచ్చి కాలేజీ డిస్పెన్సరీకి పంపాను. వాడుకొని వెళ్లిన అమ్మాయి తనంతట తానే వచ్చి చెప్పింది. ఆమెను నిలదీయలేదు. ఐరన్ ఉంటే స్టాండులో ఉండాలి, లేదా ఒకరి చేతిలో ఉండాలి, మూడో చోటు దానికి లేదు అన్న నియమాన్ని ఆమె చేతే బల్ల ముందు గోడ మీద రాయించాను. జారి పడుతున్న ఐరన్‌ను పట్టుకోబోవద్దన్న మాట కూడా ఆ కింద ఉంది. పడేదాన్ని పట్టుకోవడం చేతికి పుట్టుకతో వచ్చిన గుణం కాబట్టి దాన్ని మాన్పించడానికి పదే పదే చెప్పక తప్పదు.

టంకం పొగ గురించి కూడా అప్పుడే మాట్లాడాను. ఆ పొగ సీసానిది కాదు. టంకం తీగ లోపల ఉండే రోజిన్ అనే గుగ్గిలం కాలగా వచ్చేది. రోజూ పీలిస్తే ఆస్తమా తెచ్చిపెట్టగలదు. సీసం వేరే దారిలో, చేతులకు అంటుకొని తిండితోపాటు లోపలికి వెళుతుంది. అందుకే ఆ బల్ల మీద బిస్కెట్ పొట్లం కనిపిస్తే నేను ఊరుకోను, సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఎవరినీ టీకి పంపను. పొగను బయటికి లాగే ఫ్యాన్ కోసం అర్జీ పెట్టి చాలా కాలమైంది. వచ్చేవరకు ఒక చిన్న టేబుల్ ఫ్యాన్‌ను పొగ ముఖానికి తగలకుండా కిటికీ వైపు తిప్పి పెట్టుకుంటున్నాం.

రెండో సంఘటన రోబో దగ్గర జరిగింది. మూడో సంవత్సరం ఎలక్ట్రానిక్స్ అమ్మాయి ఒకామె ప్రోగ్రాంలో చిన్న మార్పు చేసి, ల్యాప్‌టాప్ నుంచి కేబుల్ కలిపి, రోబోకు ఆజ్ఞలిచ్చే కంట్రోలర్ బోర్డులోకి ఎక్కిస్తున్నది. రోబో మీది స్విచ్ ఆపే ఉంది. అయినా కేబుల్ కలిపిన క్షణంలోనే నాలుగు చక్రాలూ ఒక్కసారి గిర్రున తిరిగి ఆగాయి. రోబో చెక్క దిమ్మల మీద, చక్రాలు గాలిలో ఉండేలా నిలిపి ఉంది కాబట్టి ఎక్కడికీ కదలలేదు. నేల మీద ఉండి ఉంటే ఆమె మోకాళ్ల మీదికి వచ్చేదే. ఆమె ముఖం పాలిపోయింది. “స్విచ్ ఆపే ఉంచాను మేడమ్, ఒట్టు” అన్నది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తప్పు ఆ స్విచ్‌ను పెట్టిన చోటులో ఉంది. అది కంట్రోలర్ బోర్డుకు వెళ్లే కరెంటును మాత్రమే ఆపుతున్నది. బోర్డు ఆజ్ఞ ప్రకారం మోటార్లకు కరెంటు అందించే మోటార్ డ్రైవర్‌కు బ్యాటరీ నేరుగా కలిపి ఉంది. కేబుల్ తగలగానే బోర్డుకు ల్యాప్‌టాప్ నుంచి ప్రాణం వచ్చింది. ప్రోగ్రాం ఎక్కుతున్న ఆ కొద్దిసేపు బోర్డు పిన్నులు ఎవరి అదుపులోనూ ఉండవు. డ్రైవర్‌కు అందే సంకేతం గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది, దాన్ని అది తిరగమన్న ఆజ్ఞగా కూడా తీసుకోవచ్చు.

జట్టంతటినీ పిలిచి, ఆ అమ్మాయి చేతే వైరింగ్‌ను నల్లబల్ల మీద గీయించి, మార్పులను వాళ్లనే చెప్పమన్నాను. అసలు స్విచ్ బ్యాటరీ పాజిటివ్ తీగలోనే ఉండాలని, దాని తర్వాతే మిగతావన్నీ చీలాలని ఒకరు అన్నారు. డ్రైవర్ ఇన్‌పుట్ పిన్నులు ప్రతి ఒక్కదానికీ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి గ్రౌండ్‌కు కలిపితే, బోర్డు నిద్రలో ఉన్నప్పుడు సంకేతం సున్నా దగ్గరే ఉంటుందని ఇంకొకరు అన్నారు. రోబోను అత్యవసరంగా ఆపే ఎర్ర బటన్ గురించి మాత్రం కాస్త వాదన జరిగింది. ఆ బటన్ నొక్కితే ప్రోగ్రాం మోటార్లను ఆపేలా రాశామని, అది చాలునని సాఫ్ట్‌వేర్ చూసే అబ్బాయి అన్నాడు. ప్రోగ్రామే ఎక్కడో చిక్కుకుపోయిన రోజున ఆ బటన్ మాట వినేదెవరని అడిగాను. ప్రతి రోబోకూ ఎమర్జెన్సీ స్టాప్ బటన్ ఉండి తీరాలని పోటీ నియమాలు చెప్పడంలోని ఉద్దేశం, ఆలోచించే భాగంతో పని లేకుండా మోటార్ల కరెంటును నేరుగా తెంచడమే. అతను కొంతసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోయినా నేను ఆ మార్పు చేయించేదాన్నే, కానీ అర్థమై ఒప్పుకున్న వాడు తర్వాత వచ్చే జూనియర్లకు కూడా చెబుతాడు.

ఆ తర్వాత రిమోట్‌ను పరీక్షించాం. రిమోట్ ముందు ఆన్ చేసి, తర్వాతే రోబోను ఆన్ చేయాలి; ఆపేటప్పుడు రోబోను ముందు ఆపి, రిమోట్‌ను చివర ఆపాలి. చక్రాలు తిరుగుతుండగా కావాలని రిమోట్‌ను ఆపించాను. సంకేతం తెగిపోతే చక్రాలు నిలవాలి. ఆగలేదు. రోబో మీద ఉండి రిమోట్ సంకేతాన్ని అందుకునే రిసీవర్లలో కొన్ని, మనం సర్ది పెట్టకపోతే చివరగా అందిన ఆజ్ఞనే పట్టుకొని ఉంటాయి, మాది ఆ రకమేనని తేలింది. ఈ ఒక్క పరీక్ష ఈ రోజంతటిలో అన్నిటికన్నా విలువైన పని అని నా అభిప్రాయం.

బ్యాటరీల మూల బాబాయి గారి అధీనంలో ఉంటుంది. మా లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీల్లో మూడేసి సెల్లులు ఉంటాయి. ఒక్కొక్క సెల్లు నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు, నిలవ ఉంచేటప్పుడు 3.8 వోల్టుల దగ్గర ఉండాలి, 3 వోల్టులకు దిగువకు పోనివ్వకూడదు. 2200 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీని 2.2 ఆంపియర్లకు మించి చార్జ్ చేయనివ్వం, మూడు సెల్లులనూ సమంగా నింపే చార్జర్‌తో తప్ప పెట్టనివ్వం, చార్జింగ్‌లో ఉన్నంతసేపు ఎవరో ఒకరు గదిలో ఉండాల్సిందే. ఇంత చిన్న పెట్టె రెండు తీగలూ కలిసిపోతే పదుల ఆంపియర్లు కక్కగలదు కనుక ఉంగరాలు, లోహపు కడియాలు తీసి డబ్బాలో వేశాకే ఆ మూలకు రావాలని ఆయన పట్టుబడతారు. ఈ రోజు ఒక బ్యాటరీ కొంచెం ఉబ్బి కనిపించింది. లోపలి ద్రవం విచ్ఛిన్నమై వాయువు చేరితే అలా ఉబ్బుతుంది. ఇంకా బాగానే నడుస్తున్నదని, కొత్తది కొనాలంటే డబ్బులు లేవని పిల్లలు బతిమాలారు. ఆయన ఒక్క మాట కూడా అనకుండా దాన్ని తీసుకెళ్లి, బయట వరండాలో ఇసుక నింపిన ఇనుప డబ్బాలో పెట్టి వచ్చారు. డబ్బు సంగతి నిజమే, అది నేను చూసుకోవలసిన పని.

డ్రిల్లింగ్ మిషన్ దగ్గర చున్నీలు, జడలు, వదులు చేతుల చొక్కాల విషయంలో మాకు మొహమాటం లేదు. చున్నీ తీసి బీరువాలో పెట్టి, ఖాకీ కోటు వేసుకొని, జడను ముడి చుట్టి టోపీ కింద దాచుకోవాలి. మగపిల్లలు మెడలో ఐడీ కార్డు తాడు కూడా తీసేయాలి. చేతికి గ్లవ్స్ వేసుకుంటే మంచిది కదా అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. తిరిగే యంత్రం దగ్గర గ్లవ్స్ వేసుకోకూడదు. దారం పోగు ఒక్కటి చిక్కినా చేతిని మొత్తంగా లాగేసుకుంటుంది. పలుచటి అల్యూమినియం రేకు అయితే, బిట్ అవతలికి దూరే క్షణంలో దాన్ని పట్టుకొని తిప్పేస్తుంది కాబట్టి చేత్తో పట్టుకోనివ్వకుండా వైస్ అనే ఇనుప పట్టులో బిగించిస్తాం. అల్యూమినియాన్ని గ్రైండర్ రాయికి పెట్టనివ్వం. ఆ మెత్తని లోహం రాయి రంధ్రాల్లో పూడుకుపోయి, వేడెక్కించి, చివరకు రాయి పగిలే పరిస్థితి తెస్తుంది. స్విచ్ ఆపిన తర్వాత కూడా ఆ రాయి చాలాసేపు తిరుగుతూ ఉంటుంది. చప్పుడు దాదాపు పోయి, తిరుగుతున్నట్టు కూడా తెలియని ఆ చివరి దశలోనే పిల్లలు చేయి పెడతారని, అది పూర్తిగా నిలిచేదాకా బాబాయి గారు పక్కనే నిలబడి ఉంటారు.

గాలి సిలిండర్ల పని ఈ రోజు ఎక్కువ జరగలేదు. పోటీ నియమాల ప్రకారం పీడనం 600 కిలోపాస్కల్ దాటకూడదు. కంప్రెసర్ ఆపిన తర్వాత ట్యాంకులోని గాలిని వదిలేసి, మీటర్ ముల్లు సున్నాకు వచ్చిందని ఇద్దరు చూశాకే గొట్టాలు విప్పాలని మళ్లీ గుర్తు చేశాను.

ఎనిమిది గంటలకు తలుపులు మూద్దామంటే జట్టు నాయకుడు వచ్చి, ఈ రాత్రికి తాళం తమకే ఇస్తే తెల్లవారేలోగా చట్రం పూర్తి చేస్తామని అడిగాడు. వాళ్ల ఉత్సాహం చూస్తే నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది; కాదనడం కష్టంగానే ఉంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో 2011 ఏప్రిల్‌లో, చివరి సంవత్సరం చదువుతున్న విద్యార్థిని ఒకామె రాత్రివేళ వర్క్‌షాపులో ఒంటరిగా, లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం మీద పని చేస్తుండగా జుట్టు చిక్కుకొని ప్రాణం పోగొట్టుకున్నదని అతనికి చెప్పాను. ఆమె భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం చదువుకుంటున్న తెలివైన పిల్ల. పక్కన మరొక మనిషి ఉండి ఉంటే స్విచ్ ఆపేవాడేమో అన్న ఆలోచన నన్ను వదలదు. అందుకే ఇక్కడ ఇద్దరు లేకుండా ఏ యంత్రమూ తిరగకూడదు, అలసిపోయిన రాత్రి ఇద్దరున్నా తిరగకూడదు. అతను నొచ్చుకున్నాడు. పక్క జిల్లా కాలేజీ వాళ్లు రాత్రంతా పని చేస్తారట. కావచ్చు. డిజైన్, ప్రోగ్రాం పనులు హాస్టల్ గదిలో కూర్చొని చేసుకోవచ్చని, కోత పనులకు రేపు ఉదయం తొమ్మిదికి నేనే వచ్చి తలుపు తీస్తానని చెప్పాను. రేపటి ఆదివారం ఇంట్లో వాళ్లకు ఇచ్చిన మాట ఒకటి వాయిదా పడుతుంది. పడనివ్వండి.

రేపు ముందుగా చేయవలసినది బ్యాటరీ తీగలో అసలు స్విచ్ పెట్టడం, ఆ తర్వాత ఎర్ర బటన్‌కు, మోటార్ల కరెంటును తెంచే రిలే కలపడం, ఆపైన సంకేతం తెగితే చక్రాలు ఆగేలా రిసీవర్ ఫెయిల్‌సేఫ్ సర్ది మళ్లీ పరీక్షించడం. ఈ మూడూ నేను కళ్లారా చూసేవరకు రోబోను దిమ్మల మీద నుంచి కిందికి దించరాదని నల్లబల్ల మీద రాసి, కింద జట్టులోని వాళ్లందరి చేతా సంతకాలు పెట్టించాను. వేళ్లు కాలిన అబ్బాయి ఎడమచేత్తో పెట్టాడు. సోమవారం ప్రిన్సిపాల్ గారి దగ్గరకు వెళ్లి, కొత్త బ్యాటరీకీ, పొగ లాగే ఫ్యాన్‌కూ కలిపి మళ్లీ ఒక అర్జీ ఇవ్వాలి.