తడి గ్రానైట్‌పై పట్టు దొరకని ట్రెయిల్ షూ: ఈ వానాకాలపు కొలతలు

ఆలివ్ రంగు ట్రెయిల్ షూ అన్ని విధాలా నచ్చింది కానీ, తడిసిన పాలిష్ గ్రానైట్ మీద మాత్రం ఎంత ప్రయత్నించినా నిలవడం లేదు. కొండదారుల షూను నగరంలో తొడగాలనుకునేవారికి హైదరాబాద్‌లో అసలైన పరీక్ష మట్టిదారి కాదు. వాన కురిసిన సాయంత్రం మెట్రో స్టేషన్ మెట్లు, అపార్ట్‌మెంట్ లాబీలు, దుకాణాల ముందు నున్నగా మెరిసే గ్రానైట్ మెట్లే ఆ పరీక్ష పెడతాయి.

మడమ లేచిపోయే ఇబ్బంది, పైచివరి రంధ్రంలోంచి లేసును మెలితిప్పి కట్టడంతో తీరిపోయింది. ఖాకీ ప్యాంటుకూ ముదురు నీలం జీన్స్‌కూ రంగు బాగా కుదిరింది.

ఇక జారుడు సంగతి. వెర్నియర్ కాలిపర్‌తో చూస్తే లగ్‌ల (అడుగున పొడుచుకొచ్చిన రబ్బరు దిమ్మల) లోతు ముందుభాగంలో 4.8 మి.మీ., మడమ వద్ద 4.5 మి.మీ. ఉంది. స్టాంప్ ప్యాడ్ సిరా పూసి గళ్ల కాగితంపై ముద్ర తీసి లెక్కిస్తే, అడుగుభాగంలో నేలను నిజంగా తాకేది సుమారు 34 శాతమే; నా దగ్గరున్న చదును అడుగు స్నీకర్‌లో అది 70 శాతం దాటింది. రబ్బరు గట్టిదనాన్ని కొలిచే షోర్ ఎ గేజీపై (అంకె పెరిగేకొద్దీ గట్టిదనం ఎక్కువ) ఈ రబ్బరుది 72, చదును స్నీకర్‌ది 61. తరువాత 60 సెం.మీ. పొడవున్న పాలిష్ గ్రానైట్ ముక్కను తడిపి, బరువు నింపిన షూను దానిపై ఉంచి, జారేదాకా ఒక కొసను మెల్లగా ఎత్తాను. చదును స్నీకర్ 24 సెం.మీ. ఎత్తు వరకు నిలిచింది, అంటే ఘర్షణ గుణకం దాదాపు 0.44. ట్రెయిల్ షూ 14 సెం.మీ. దగ్గరే జారిపోయింది, అది 0.24 మాత్రమే. అదే షూ పొడి గ్రానైట్‌పై 38 సెం.మీ. దాకా కదలలేదు కాబట్టి ఇబ్బందంతా నీటి పొరతోనే.

అచ్చు నుంచి వచ్చిన కొత్త రబ్బరుపై ఉండే నున్నని పైపొర కారణం కావచ్చని 120 నంబరు ఉప్పు కాగితంతో అడుగంతా రుద్దితే ఎత్తు 17 సెం.మీ.కు పెరిగింది, అక్కడితో ఆగిపోయింది. లగ్‌లు బురదలో దిగబడి పట్టు ఇస్తాయి, కానీ గ్రానైట్‌లో దిగబడేందుకు ఏమీ లేదు. అక్కడ రబ్బరు రాతికి ఎంత మేర, ఎంత దగ్గరగా అంటుకుంటుందన్నదే ముఖ్యం. అయితే తాకే వైశాల్యమే అసలు దోషి అని తేల్చడానికి నాకు మనసొప్పడం లేదు, ఎందుకంటే 3 మి.మీ. లగ్‌లూ 63 గట్టిదనమూ ఉన్న మరో జత 45 శాతమే తాకుతూ కూడా 22 సెం.మీ. దాకా నిలిచింది. అందువల్ల నా అనుమానం మొదట రబ్బరు గట్టిదనం మీద, ఆ తరువాత లగ్‌ల వెడల్పు మీద ఉంది: ఒక్కో లగ్ 11 మి.మీ. వెడల్పుతో, ఒక్క చీలికైనా లేకుండా ఉండటంతో మధ్యలో చిక్కిన నీటికి బయటికి పోయే దారి లేదు.

ఈ లగ్‌ల వంశం ఆల్ప్స్ పర్వతాలది. ఇటలీకి చెందిన విటాలే బ్రమానీ 1937లో వైబ్రమ్ రబ్బరు అడుగును తెచ్చింది పర్వతారోహకుల కోసం. పసుపు రంగు వైబ్రమ్ ముద్ర చూసి తృప్తిపడకుండా రబ్బరు మిశ్రమం పేరు కూడా చూడాలని నా గట్టి అభిప్రాయం. తడి రాతి కోసమే రూపొందించిన మెగాగ్రిప్‌కూ అరుగుదల తట్టుకునే గట్టి మిశ్రమాలకూ చాలా తేడా ఉంటుంది. సాలమన్ కంపెనీ ట్రెయిల్ షూ ఎక్స్‌టీ-6 కూడా సుదూర పర్వత పరుగుల కోసం పుట్టి, తరువాతే ఫ్యాషన్‌లోకి వచ్చింది. ఒక్క లాగుతో బిగిసే దాని లేసు పద్ధతి నాకు ఎంతో ఇష్టం. నీరు చొరని పొర ఉన్న రకాలను మాత్రం మన వానలకు నేను ఎంచుకోను. చీలమండ లోతు నీటిలో పైనుంచి దిగిన నీరు లోపలే ఉండిపోతుంది, అదే పలుచని జాలీ షూ అయితే త్వరగా ఆరుతుంది.

పడవల షూ కోసం పాల్ స్పెర్రీ 1935లో వాడిన ఉపాయాన్నే ఇక ప్రయత్నిస్తాను. కుక్క పాదాల గీతలను చూసి ఆయన రబ్బరుపై సన్నని గాట్లు పెట్టాడు. నేను ముందుభాగంలోనూ మడమ వెనుక అంచులోనూ మాత్రమే, 2 మి.మీ. లోతున, 4 మి.మీ. ఎడంతో, నడకకు అడ్డంగా బ్లేడుతో గాట్లు పెడతాను. ముందు ఎడమ షూకు మాత్రమే పెట్టి, కుడిదాన్ని పోలికకు అలాగే ఉంచుతాను. అదే తడి గ్రానైట్ పరీక్షలో 20 సెం.మీ. దాటకపోతే ఈ జత పొడి రోజులకే. వానలకు 3 మి.మీ. లోపు లగ్‌లతో, 65 లోపు గట్టిదనంతో ఉండే రకాన్ని వెదుకుతాను, గేజీని దుకాణానికే తీసుకెళ్లి మరీ.