చినుకు బొమ్మ

తొమ్మిదో తరగతి నోట్సులో నేను గీసిన వాన చినుకుకి పైన మొన, కింద గుండ్రం. అందరూ గీసే బొమ్మే. సైన్స్ మాస్టారు దాన్ని కొట్టేయలేదు. "ఎప్పుడు చూశావురా దీన్ని?" అని మాత్రం అడిగారు. నీళ్లు నమిలాను.

జవాబు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది, అదీ వాతావరణ రాడార్ ముందు ఉద్యోగానికి కూర్చున్నాక. మా రాడార్ అడ్డంగా కంపించే తరంగాన్నీ, నిలువుగా కంపించే తరంగాన్నీ పంపుతుంది. చినుకు అడ్డంగా వెడల్పుగా ఉంటే అడ్డం తరంగం కాస్త ఎక్కువ బలంగా తిరిగొస్తుంది. ఆ తేడాతో చినుకుల సైజు పట్టుకోవచ్చని 1976లో సెలిగా, బ్రింగి అనే ఇద్దరు ప్రతిపాదించారు. మిల్లీమీటరు లోపు చినుకు దాదాపు బంతే. పెద్దదయ్యేకొద్దీ కింద నుంచి గాలి నొక్కేసి అడుగు చదునవుతుంది. మొన ఎక్కడా లేదు!

కొత్తలో ఒకసారి తెరంతా ఎర్రబడితే కుంభవృష్టి అని రాసేశాను. ప్రతిధ్వని బలం చినుకు వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది, అంటే సైజు రెట్టింపైతే 64 రెట్లు. ఎరుపు చూసి మోసపోవడానికి అది చాలు. పక్కనున్న సీనియర్ అడ్డం, నిలువు తేడా చూడమన్నారు. దాదాపు సున్నా. దొర్లుతూ పడే వడగళ్లు ఎటు చూసినా ఒకలాగే కనిపిస్తాయి కదా. ఆ రోజు తిన్న చీవాట్లు ఇంకా గుర్తే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మెరుపు ముందు క్షణం. మేఘంలో సుమారు మైనస్ 10, మైనస్ 20 డిగ్రీల మధ్య, గడ్డకట్టని నీటి తుంపరల నడుమ, గ్రాపెల్ అనే మెత్తటి మంచు గుళికలు సన్నటి మంచు స్ఫటికాలతో గుద్దుకుంటాయి. ఎక్కువగా గుళికలు ఋణావేశంతో కిందే ఉండిపోతాయి, స్ఫటికాలు ధనావేశంతో పైకి పోతాయి. విద్యుత్ క్షేత్రం పెరిగేకొద్దీ పైనున్న స్ఫటికాలు ఒక్కొక్కటీ నిటారుగా నిలబడతాయి, హెడ్‌మాస్టరు వరండాలో కనబడితే మనం లేచి నిలబడినట్టు. మెరుపు మెరవగానే మళ్లీ చదునుగా పడిపోతాయి. ఆ లేవడం, పడటం రెండు తరంగాల ఫేజ్ తేడాలో, అంటే ఒకటి రెండోదానికన్నా ఎంత వెనకబడిందన్న దాంట్లో, తెలుస్తుంది: గీత మెల్లగా జరుగుతూ పోయి, మెరుపుతో ఠక్కున వెనక్కి వస్తుంది. కాసేపటికి మళ్లీ మొదలు. మొదటిసారి చూసినప్పుడు టీ చల్లారిపోయింది.

ఈ సంచికకి వ్యాసం అడిగినప్పుడు మాస్టారికి ఫోన్ చేసి, చినుకు అడుగు చదునుగా ఉంటుంది సార్ అని చెప్పాను.

"నువ్వు చూశావా, రాడార్ చూసిందా?"

పడే చినుకుల్ని రెండు కెమెరాలతో పట్టే పరికరం ఒకటి మా దగ్గరుంది. అందులోంచి ఒక పెద్ద చినుకు బొమ్మ తీసి ఆయనకి వాట్సాప్ చేశాను. పది నిమిషాలకి జవాబొచ్చింది.

"బాగుంది. పక్కన స్కేలు ఏదిరా?"