రెండు జ్యేష్ఠాలు, ఒక కిన్షాసా

ఆదివారం. పొద్దున్నుంచి ముసురు. బట్టలు ఆరక హాల్లో అడ్డంగా తాడు కట్టి వేశాను. ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని ఆ తడి చొక్కాల కింద నుంచి వంగి వంగి నడుస్తూ, "ఇక్కడ ఉన్న వాన చాలదని అక్కడికి కూడా వానలోనే తీసుకెళ్తావా" అన్నారు. ఆయన అన్న 'అక్కడ' ఆఫ్రికాలోని కాంగో రాజధాని కిన్షాసా. వారం రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ.

తమ్ముడు కిన్షాసా వెళ్లి ఆరేళ్లు దాటింది. మందుల హోల్‌సేల్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. నిరుటి దాకా మరదలు, పిల్లాడు కూడా అక్కడే ఉన్నారు. పిల్లాడి చదువు కోసం వాళ్లిద్దరూ కాకినాడ వచ్చేశారు. ఒక్కడే అయ్యాక పిలవడం ఎక్కువ చేశాడు. "దసరా సెలవులకి రండక్కా. సెప్టెంబర్ ఆఖరైతే ఇంకా బావుంటుంది" అని పోయిన సంక్రాంతికే అన్నాడు. నేను సరేనన్నాను. బడి పంతులమ్మకి దొరికే లాంగ్ లీవు దసరాయే కదా.

ఈ ఏడు జ్యేష్ఠం రెండుసార్లు వచ్చిందని అప్పుడు ఇద్దరికీ గుర్తు లేదు. అధిక మాసం పడేసరికి పండగలన్నీ వెనక్కి జరిగాయి. నిరుడు అక్టోబర్ 2న వచ్చిన విజయదశమి ఈసారి 20న. పండక్కి ముందు పది రోజులు సెలవులు అనుకున్నా, మేం బయలుదేరేది అక్టోబర్ పదో తారీఖు. ఆ పది పదిహేను రోజుల తేడాలో అక్కడ కాలమే మారిపోతుంది.

సోషల్ చెప్పేదాన్ని కాబట్టి అట్లాస్ తీసి కూర్చున్నాను. కిన్షాసా భూమధ్యరేఖకి కాస్త కింద, నాలుగు డిగ్రీల దక్షిణాన ఉంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా చుక్క వాన ఉండదు. ఎండాకాలం అందామంటే ఎండా ఉండదట. ఆకాశమంతా బూడిదరంగు మబ్బు కప్పుకుని ఉంటుంది, కురవదు. రాత్రిళ్లు చల్లబడితే జనం స్వెటర్లు వేసుకుంటారు. చెట్ల ఆకుల మీద దుమ్ము పేరుకుపోతుంది. సెప్టెంబర్ చివర్లో వాన మొదలై, నవంబర్‌కి బాగా ముదిరి, జనవరి, ఫిబ్రవరుల్లో కాస్త తెరిపి ఇచ్చి, మళ్లీ ఏప్రిల్లో దంచి, మే దాకా సాగుతుంది. అంటే అక్టోబర్ అటూ ఇటూ కాని సంధికాలం. మా అమ్మ ఉంటే, "సంధి రోజుల్లో ప్రయాణాలేంటే, జ్వరాలొస్తాయి" అనేది.

నదిది ఇంకో లెక్క. కాంగో నది భూమధ్యరేఖని రెండుసార్లు దాటుతుంది. ఒకవైపు వాన లేనప్పుడు రెండోవైపు ఉపనదుల్లో ఉంటుంది. అందుకే అది మన గోదావరిలా ఎండి ఇసుక తేలడం, ఉప్పొంగి ఊళ్ల మీద పడడం అనే రెండు కొసల మధ్య ఊగదు. అయినా కిన్షాసా దగ్గర జూలై, ఆగస్టుల్లో నీరు తగ్గుతుంది. మనకి సరిగ్గా అవే నెలల్లో ధవళేశ్వరం దగ్గర ఎన్నో ప్రమాద హెచ్చరిక ఎగరేశారో అని టీవీ ముందు కూర్చుంటాం. ఇన్నేళ్లుగా పిల్లలకి 'ప్రవాహంలో అమెజాన్ తర్వాత కాంగో' అని చెబుతున్నాను గానీ ఈ రెండు నదులనీ పక్కపక్కన పెట్టి ఎప్పుడూ ఆలోచించలేదు. రేపు తొమ్మిదో తరగతికి చెప్పాలి.

మధ్యాహ్నం రెండింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కడ తొమ్మిదిన్నర. మనకన్నా నాలుగున్నర గంటలు వెనక.

"ఏంటక్కా, టికెట్ల సంగతి?"

టికెట్ల సంగతి చెబితే నవ్వి నవ్వి దగ్గాడు. ఇక్కడ ట్రావెల్స్ అబ్బాయికి "కాంగో రాజధాని" అని చెప్పాను. అతను రెండ్రోజులు వెతికి ఆడిస్ అబాబా మీదుగా చక్కటి రేటు పంపాడు. ఆయన చూసి, తక్కువే ఉంది, కట్టేద్దామన్నారు. ఎందుకో అనుమానం వచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే దిగే ఊరు బ్రాజవిల్! అదీ కాంగో రాజధానే, కాకపోతే అదే పేరున్న పక్క దేశానిది. నదికి అటువైపు. మా తమ్ముడు ఒడ్డున నిలబడితే ఎదురుగా కనిపించే ఊరు. కనిపిస్తుందని వెళ్లిపోలేం, మధ్యలో వంతెన లేదు, పడవ ఎక్కాలి, ఆ దేశానికి వేరే వీసా కావాలి. "నువ్వు అటు ఒడ్డున, నేను ఇటు ఒడ్డున నిలబడి చేతులూపుకునేవాళ్లం" అన్నాడు వాడు. ట్రావెల్స్ అబ్బాయిని తప్పు పట్టను. చెప్పడంలో తప్పు నాదే. కిన్షాసా విమానాశ్రయం కోడ్ ఎఫ్ఐహెచ్ అని కాగితం మీద రాసిచ్చాను.

వాన గురించి అడిగాను. పదో తారీఖుకి మొదలైపోయి ఉంటుందా అని.

"ఒకటి రెండు పడే ఉంటాయక్కా. పొద్దంతా ఏమీ ఉండదు, ఉన్నట్టుండి గాలి లేచి గంటసేపు కుమ్మేస్తుంది. ఆ గంట రోడ్డు మీద లేకపోతే చాలు."

వాడు తేలిగ్గా అన్నాడు గానీ నాకు ఆ గంట భయమే. 2022 డిసెంబర్‌లో అక్కడ ఒక్క రాత్రి వానకి వందమందికి పైగా చనిపోయారు. నిరుడు ఏప్రిల్లో ఎంజిలి నది పొంగి, ఎయిర్‌పోర్టుకి వెళ్లే పెద్ద రోడ్డే మునిగిపోయింది. ఊరి చుట్టూ ఇసుక గుట్టలు. వాటి మీద కట్టుకున్న ఇళ్ల కింద నేల కోసుకుపోయి లోయలు పడతాయి. కోటిన్నర పైచిలుకు జనం ఉన్న ఊళ్లో మురుక్కాలవల పని ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పక్కర్లేదు. వాళ్లకి వానంటే ఆనందమూ, గండమూ రెండూనట. "మా ఆఫీసు వాచ్‌మన్ మొదటి వానకి నవ్వుతాడు, మూడో వానకి ఇంటికి పరిగెడతాడు" అన్నాడు తమ్ముడు.

తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను.

"నాలుగు నెలలు ఆ బూడిద ఆకాశం చూసి చూసి ఉంటాం కదక్కా. మొదటి వాన పడిన రోజు వీధిలో పిల్లలందరూ బయటికి వచ్చేస్తారు. నేను బాల్కనీలో నిలబడతాను. పోయినసారి ఆ వాసనకి మన చేలే గుర్తొచ్చాయి. ఎవరితోనైనా అందామని వెనక్కి తిరిగితే ఇంట్లో ఎవరూ లేరు." వెంటనే, "సరే, బావగారికి బీపీ ఎలా ఉంది?" అన్నాడు.

సెప్టెంబర్ చివర రమ్మని వాడు ఎందుకన్నాడో నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ రోడ్ల గురించి అనుకున్నాను. అధిక మాసాన్ని ఎవరు ఆపగలరు? సెలవు పెట్టుకుని ముందే వెళ్దామా అంటే, ప్రభుత్వ ఉద్యోగి దేశం దాటాలంటే ముందు పర్మిషన్ కావాలి. ఆ కాగితం కదిలే వేగం తలుచుకుంటే అక్టోబరే గొప్ప.

ఆయన బీపీ బానే ఉంది. టీకాతోనే తకరారు. పసుపు జ్వరం టీకా వేసుకున్నట్టు పసుపు కార్డు లేకపోతే అక్కడ విమానం దిగనివ్వరు. కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. కార్డు లేకుండా తిరిగొస్తే మనవాళ్లు కూడా ఆరు రోజులు విడిగా ఉంచుతారు. కానీ అరవై దాటాక మొదటిసారి ఈ టీకా అంటే డాక్టర్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారట. ఆయనకి అరవై రెండు. మా డాక్టరు గారు అన్ని పరీక్షలూ చేయించి చెబుతానన్నారు. ఆయన ఒప్పుకుంటే హైదరాబాద్‌లో అమ్మాయి దగ్గర దిగి నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ టీకా కేంద్రంలో వేయించుకోవాలి.

మలేరియాకి టీకా లేదు మాకు, మాత్రలే. వెళ్లే ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు వేసుకోవాలి. వాన మొదలైతే దోమ పెరుగుతుంది కదా, సంధికాలం అంటే అదీ ఉంది. మలేరియా దోమ వల్లే వస్తుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఏటా ఆ రోజు బళ్లో ప్రార్థన దగ్గర పిల్లల చేత చదివిస్తాను. ఈసారి చదివేటప్పుడు నా హ్యాండ్‌బ్యాగులో మాత్రల చీటీ ఉంటుంది.

ఇంకో భయం ఆయనది. టీవీలో కాంగో అంటే యుద్ధమే చూపిస్తారు. ఆ గోమా అనే ఊరు తూర్పు కొసన, కిన్షాసాకి పదిహేను వందల కిలోమీటర్ల పైన ఉందని అట్లాస్ మీద స్కేలు పెట్టి చూపించాను. మనకి ఢిల్లీ కూడా అంత దూరం లేదు. అయినా ఆయన ముఖం విప్పలేదు.

చివరికి ఆయన్ని ఒప్పించింది మహమ్మద్ ఆలీ.

కిన్షాసా గురించి చదువుతుంటే తగిలింది. 1974లో ఆలీ, ఫోర్‌మన్‌ల బాక్సింగ్ జరిగింది అక్కడే. అప్పుడు ఆ దేశం పేరు జైరే, ఏలిక మొబుటు. ఒక్కొక్కరికి యాభై లక్షల డాలర్లు ఇచ్చి తన ఊరికి రప్పించుకున్నాడు. పోటీ అసలు సెప్టెంబర్ 25న జరగాలి. ప్రాక్టీసులో ఫోర్‌మన్ కంటి పైన చిట్లి, అక్టోబర్ 30కి వాయిదా పడింది. సరిగ్గా మా ప్రయాణంలాగే, పొడి రోజుల నుంచి వాన రోజుల్లోకి జారిపోయింది. స్టేడియంలో ఆటగాళ్ల మీద కప్పు ఉంది గానీ జనం మీద లేదు. అమెరికాలో టీవీ వేళకి సరిపోవాలని తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టారు. ఎనిమిదో రౌండులో ఆలీ పడగొట్టాడు. జనమంతా 'ఆలీ బొమా యే' అని అరిచారు, లింగాల భాషలో 'వాణ్ణి చంపెయ్' అని. పోటీ అయ్యాక కాసేపటికే కుంభవృష్టి పడి స్టేడియం చెరువైపోయింది.

ఇది చదివి వినిపిస్తుంటే ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "ఆలీ గెలిచిన ఊరా అది? ముందే చెప్పొచ్చుగా" అన్నారు. అప్పుడు ఆయనకి పదేళ్లు, పేపర్లో ఫొటో చూసిన గుర్తుందట. ఆ స్టేడియం ఇప్పటికీ ఉంది, టాటా రఫాయేల్ అంటారు. ముందు అది చూపించాలని తమ్ముడికి షరతు పెట్టారు. నాకు చూడాలని ఉన్నది వేరు: ట్రాఫిక్ పోలీసుల బదులు చౌరస్తాలో నిలబెట్టిన రోబోలు. తెరేజ్ ఇజాయ్ అనే ఇంజనీరమ్మ తయారుచేసింది, సోలార్ కరెంటుతో నడుస్తాయి. పొడి కాలంలో నాలుగు నెలలు మబ్బేస్తే అవి ఏం చేస్తాయని అడిగాను. "మనుషుల్లాగే నిలబడి చూస్తుంటాయి" అన్నాడు తమ్ముడు.

డబ్బు విషయం చాలాసేపు చెప్పాడు. అక్కడి ఫ్రాంకులతో పాటు డాలర్లు కూడా చెల్లుతాయి, కానీ నోటుకి పిసరంత చిరుగున్నా ఎవరూ ముట్టుకోరు. ఇస్త్రీ చేసినట్టు ఉండాలట. మన చిరిగిన పది నోటు బస్సు కండక్టర్లు తిప్పి తిప్పి చూడడం గుర్తొచ్చింది. నది ఒడ్డున, ప్రభుత్వ ఆఫీసుల ముందు ఫొటోలు తీయొద్దని మూడుసార్లు చెప్పాడు. ఆయన్నుద్దేశించే.

"తినడానికి ఏం తేను? గోంగూర పచ్చడి ఒక సీసా..."

"గోంగూర ఇక్కడే దొరుకుతుందక్కా! న్గాయ్ న్గాయ్ అంటారు. అదే జాతి, అదే పులుపు. చేపతో వండుతారు."

నాకు కాస్త చిన్నతనమైంది. ఆంధ్రమాత అక్కడికి మాకన్నా ముందే చేరిపోయిందన్నమాట. మరి ఏం కావాలిరా అంటే కాసేపు గొణిగి, "సగ్గుబియ్యం వడియాలు" అన్నాడు.

నవ్వొచ్చింది. సగ్గుబియ్యం కర్రపెండలం పిండితో చేసేదే కదా. కిన్షాసాలో కర్రపెండలం తినని పూట ఉండదు. దుంపల పిండితో ఫుఫు, ఆకులు దంచి పొందు కూర, దుంప పులియబెట్టి ఆకులో చుట్టి ఉడికించిన క్వాంగా. అంత దుంప మధ్య కూర్చుని వాడికి సామర్లకోట వడియాలు కావాలట. "ఇక్కడ పెట్టుకుందామన్నా ఎండ ఏదక్కా" అన్నాడు.

ఇక్కడ మాత్రం ఎండ ఉందా? ఫోన్ పెట్టేసి కిటికీలోంచి చూశాను. ముసురు ఇంకా వదల్లేదు. స్టూలు ఎక్కి అటక మీంచి వేసవిలో పెట్టిన వడియాల డబ్బా దించాను. సగానికి కాస్త ఎక్కువే ఉన్నాయి. ఆయన హాల్లోంచి, "ఈ చలికి సాయంత్రం నాలుగు వేయించు" అని కేక వేశారు. అయిపోయాయని చెప్పి, డబ్బా బియ్యం డ్రమ్ము వెనక్కి తోశాను.