రెండు దేశాల స్టాంపులున్న కవర్

నా పాత ఉత్తరాల కవర్ల సేకరణలోకి ఇచాంగ్ కవర్ శుక్రవారమే వచ్చినా తీరుబడిగా చూసుకోవడానికి ఈ రోజే కుదిరింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీ పక్కన టేబుల్ లాక్కుని, భూతద్దం తెచ్చుకుని కూర్చున్నాను.

1899లో చైనాలోని యాంగ్జీ నది ఒడ్డునున్న ఇచాంగ్ రేవు నుంచి లండన్‌కు వెళ్లిన ఉత్తరం ఇది. ముందువైపు చైనా ఇంపీరియల్ పోస్టు, అంటే చక్రవర్తి ప్రభుత్వపు తపాలా శాఖ, వేసిన డ్రాగన్ స్టాంపు, పక్కనే హాంకాంగ్ విక్టోరియా రాణి స్టాంపు. కాగితం అంచులు నలిగాయి, మడత దగ్గర కొంచెం చిరిగింది కూడా.

"ఒక్క ఉత్తరానికి రెండు దేశాల స్టాంపులెందుకు నాన్నా?" అంది అమ్మాయి.

నాకు ఈ కవర్ల మీద ఇంత ప్రాణం ఎందుకో ఆ ప్రశ్నలోనే ఉంది. చైనా ఇంపీరియల్ పోస్టు 1897లో పని మొదలుపెట్టింది కానీ, దేశాలు ఒకరి ఉత్తరాలను ఒకరు అందించుకోవడానికి పెట్టుకున్న యూనివర్సల్ పోస్టల్ యూనియన్‌లో చైనాకు అప్పటికి చోటు లేదు. డ్రాగన్ స్టాంపు దేశం లోపలే చెల్లుతుంది. పడవలో షాంఘై చేరాక అక్కడి బ్రిటిష్ పోస్టాఫీసు ఆ ఉత్తరాన్ని తీసుకోవాలంటే, అప్పట్లో బ్రిటిష్ వలస అయిన హాంకాంగ్ స్టాంపు ఉండాల్సిందే. ఫ్రెంచి, జపాన్ స్టాంపులతో వెళ్లినవీ ఉన్నాయి. యుద్ధంలో గెలిచిన బ్రిటన్ 1842 నాన్‌కింగ్ ఒప్పందంతో చైనాలో అయిదు రేవులు విదేశీ వ్యాపారానికి తెరిపించుకున్నాక, ఇలా ఒక్కో దేశం చైనా గడ్డ మీద తన పోస్టాఫీసు తనే పెట్టుకుంది. సొంత స్టాంపు ఉండి కూడా పక్కన పరాయి స్టాంపు లేనిదే ఉత్తరం సముద్రం దాటని పరిస్థితి! అది ఎంత అవమానమో చరిత్ర పాఠం కంటే ఈ నలిగిన కవరే నాకు బాగా చెప్పింది.

1890లలో చీఫూ, హాంకౌ, వూహూ లాంటి రేవుల్లో అక్కడి విదేశీయులు నడిపిన లోకల్ పోస్టులు వేసిన స్టాంపులు చాలా అందంగా ఉంటాయి. వాటిలో చాలావరకు కలెక్టర్లకు అమ్ముకోవడానికే వేశారు. ఆ కవర్లు మచ్చ లేకుండా దొరుకుతాయి, కానీ నా మనసు వాటి మీదకు పోదు. ఎవరో అవసరం కొద్దీ రాసి, ఎవరో ఎదురుచూసి అందుకున్న ఉత్తరమే కావాలి నాకు. అలాంటి కవర్ల మీది స్టాంపులను నీళ్లలో నానబెట్టి ఊడదీసి ఆల్బమ్‌లో అంటించుకున్నవాళ్లు ఎందరో! తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

రెండో స్టాంపు తర్వాత అతికించిన నకిలీలు కూడా ఉంటాయి కాబట్టి కాస్త టెన్షన్‌గానే చూశాను. హాంకాంగ్ స్టాంపు మీది షాంఘై ముద్ర గీత తెగకుండా కాగితం మీదకు సాగింది. ఇచాంగ్, షాంఘై, లండన్ ముద్రల తేదీలు వరసగానే ఉన్నాయి. అసలుదే!

1914 మార్చి 1న చైనా ఆ యూనియన్‌లో చేరింది. ఆ తర్వాత ఇచాంగ్ నుంచి చైనా స్టాంపులతోనే విదేశానికి వెళ్లిన కవర్ ఒకటి వెతకాలి. ఆల్బమ్‌లో దీని ఎదుటి పేజీ దానికోసమే ఖాళీగా ఉంచాను.