ఫుట్‌వర్క్ లాగ్: స్ప్లిట్ స్టెప్ కుదిరింది, బ్యాక్‌హ్యాండ్ మూల ఇంకా తేలలేదు

ఈ విడత బ్యాడ్మింటన్‌ ప్రాక్టీస్‌లో రాకెట్ పని పక్కన పెట్టి కాళ్ల మీదే పడ్డాను. సింగిల్స్‌లో మన వైపు సగం కోర్టు 6.7 మీటర్ల పొడవు, 5.18 మీటర్ల వెడల్పు. మధ్యలో నిలబడితే ఏ మూలకైనా మూడు నాలుగు అంగలే. కాబట్టి పరుగు వేగం కంటే, సరైన క్షణంలో కదలడం, కొట్టిన వెంటనే మళ్లీ చోటుకి చేరడం ముఖ్యమని నా అభిప్రాయం.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది స్ప్లిట్ స్టెప్. అవతలివాళ్లు షటిల్ కొట్టే క్షణానికి చిన్నగా ఎగిరి, పాదాలు భుజాల కంటే కాస్త ఎడంగా ఉంచి, మడమలు ఆనకుండా మునిపాదాల మీద దిగాలి. పాదాలు నేలను వదిలీ వదలనట్టు ఉంటే చాలు. ఎత్తుగా ఎగిరితే మనం కిందికి దిగేలోపే షటిల్ దాటిపోతుంది. టైమింగ్ కోసం నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. కోర్టు బయట నిలబడి ఇద్దరి ఆట చూస్తూ, వాళ్లలో ఒకరు కొట్టిన ప్రతిసారీ స్ప్లిట్ స్టెప్ వేయడం. షటిల్ తగిలిన చప్పుడు విని వేస్తే అప్పటికే ఆలస్యం. రాకెట్ ముందుకు ఊపడం మొదలవగానే ఎగిరితే సరిగ్గా సరిపోతుంది. ఇది అలవాటయ్యాక డ్రాప్ షాట్లంటే (నెట్ దాటగానే పడిపోయేవి) ఇదివరకున్న టెన్షన్ పోయింది.

నెట్ దగ్గర లంజ్, అంటే షటిల్ అందుకోడానికి ముందుకు వేసే పొడవాటి చివరి అంగ, కూడా మెరుగుపడింది. నాది కుడిచేతి వాటం కాబట్టి చివరి అడుగు కుడికాలిదే. ముందు మడమ ఆనాలి, ఆ తర్వాతే పాదమంతా. వేళ్లూ మోకాలూ ఒకే వైపు, షటిల్ వైపు చూడాలి. పాదం లోపలికి తిరిగితే మోకాలు మెలిపడుతుంది. వెనకున్న ఎడమకాలు లోపలి అంచుతో నేలను రాసుకుంటూ రావాలి, శరీరం ముందుకు తూలకుండా ఆపేది అదే. నా ఎడమ షూకి బొటనవేలి పక్కన లోపలి అంచు అరుగుతోంది. కాలు సరిగ్గా పడుతోందనడానికి అది మంచి ఆనవాలు. అన్నట్టు, ఈ పనికి రన్నింగ్ షూస్ వద్దు. వాటి మడమ ఎత్తుగా ఉంటుంది, పక్కకి కదిలేటప్పుడు చీలమండ మడతపడే ప్రమాదం ఉంది.

షాడో ప్రాక్టీస్ (షటిల్ లేకుండా కదలికలు మాత్రమే) 20 సెకన్లు కదలిక, 40 సెకన్లు విశ్రాంతి లెక్కన చేస్తున్నాను. ఎటు వెళ్లాలో ఎదురుగా ఉన్నవాళ్లు చేత్తో చూపించాలి. మూలల వరస ముందే తెలిస్తే కాళ్లు దాన్ని బట్టీ పట్టేస్తాయి, స్ప్లిట్ స్టెప్ మాయమవుతుంది. అడుగులు బరువుగా పడుతున్నాయనిపిస్తే అక్కడితో ఆపేస్తాను.

కొట్టాక ప్రతిసారీ నట్టనడిమికి రావడం మానేశాను. నెట్ మీద దగ్గరగా వేస్తే కాస్త ముందుకు, వెనక మూలకి లిఫ్ట్ చేస్తే (కింద నుంచి ఎత్తుగా లేపి కొడితే) ఆ మూల వైపు కొద్దిగా జరిగి నిలబడుతున్నాను.

బ్యాక్‌హ్యాండ్ వెనక మూల, అంటే నాకు ఎడమ వైపుది, మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. అక్కడ తల మీదుగా కొట్టి, గాల్లోనే కాళ్లు మార్చుకుని ఎడమకాలి మీద దిగాలి. దిగేసరికి శరీరం బరువు ముందుకు ఉంటే కుడికాలు దానంతటదే కోర్టు మధ్యకి అడుగేస్తుంది. నా బరువు వెనక్కే ఉండిపోతోంది. మొదటి అడుగులో తుంటి ఇంకా తొందరగా తిప్పి, షటిల్ వెనక్కి చేరాలి. రాబోయే వారాల్లో షటిల్ లేకుండా ఈ ఒక్క మూలే, నెమ్మదిగా.