అమ్మమ్మకి బస్సు వచ్చు

"అమ్మమ్మతో సంతకి వెళ్లి రారా" అంటే మావాడు "నేను వెళ్లను" అన్నాడు. విసుక్కుని కాదు, నింపాదిగానే. "అమ్మమ్మకి బస్సు వచ్చు. నాకంటే ఎక్కువ బస్సులు ఎక్కింది. ఇక్కడ కార్డు ఎలా పెట్టాలో చెప్తే చాలు. భయం నీకే."

నాకు కోపం వచ్చింది. ఈ నెదర్లాండ్స్‌లో, భాష రాని ఊళ్లో పెద్దావిడకి తోడు వెళ్లమంటే వెళ్లనంటాడా? మా ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కడికి బయల్దేరినా వెంట ఒక పిల్లో పిల్లాడో ఉండాల్సిందే. మా నాయనమ్మ వెంట సంచి పట్టుకుని తిరిగింది నేనే. వద్దనే మాట నాకు తోచనైనా తోచేది కాదు. వీడికీ అదే రావాలని నా పట్టు. కానీ ఇక్కడి బడిలో సైకిల్ మీద ట్రాఫిక్ పరీక్ష పెట్టి, పాసైతే కాగితం చేతికిస్తారు. అది తెచ్చుకున్నాక వాడు పొద్దున్నే ఒక్కడే బడికి వెళ్తుంటే ఖమ్మంలో ఉన్న చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పిందీ నేనే. ఒక్కడే వెళ్తే గర్వం, "ఆవిడని ఒక్కదాన్నే వెళ్లనీ" అంటే కోపం. రెండూ నావే.

వాడన్నది అబద్ధం కాదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం చేసినప్పటి నుంచి మా అమ్మ ఇంట్లో ఉండటమే తక్కువ. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని పల్లెవెలుగు ఎక్కేస్తుంది. చెల్లెలి ఊరు, పెళ్లిళ్లు, పేరంటాలు, పాత స్నేహితురాలి మోకాలి ఆపరేషన్, ఎక్కడికైనా సరే. కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి. అలాంటి మనిషి మేముండే ఐందోవెన్ వచ్చిన దగ్గర్నుంచి శనివారం ఎప్పుడొస్తుందా, కూతురు కారు ఎప్పుడు తీస్తుందా అని కూర్చుంది.

సరే, నేర్పుదామనుకున్నాను. అమ్మానాన్నలు వచ్చిన ఇళ్లలో ఎవరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఇక్కడ బస్సులో నోట్లు, చిల్లర తీసుకోరు. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటివి ఉంటే 2023 నుంచి నేరుగా కార్డునే మెషీన్‌కి ఆనించి వెళ్లొచ్చు. అమ్మ దగ్గరున్నది మన దేశంలోనే చెల్లే రూపే కార్డు. అందుకని ఇంట్లో పడి ఉన్న ఓవీ చిప్‌కార్డులో, అంటే ఎవరి పేరూ లేని ఇక్కడి ప్రయాణాల కార్డులో, డబ్బులు వేసి ఇచ్చాను. మనిషికి ఒక కార్డు ఉండాలి, ఒక్కదానితో ఇద్దరు ఎక్కడం కుదరదు. ఎక్కగానే 4 యూరోలు పట్టుకుంటుంది, దిగేటప్పుడు మళ్లీ ఆనిస్తే ప్రయాణించిన దూరానికి లెక్కగట్టి మిగతాది వెనక్కి వేస్తుంది. ఆనించడం మరిచిపోతే ఆ 4 పోయినట్టే. దిగాక 35 నిమిషాల్లోపు ఇంకో బస్సు ఎక్కితే బస్సు ఎక్కినందుకు పడే చార్జీ రెండోసారి పడదు. స్టాప్‌లో నిలబడి ఊరుకుంటే చాలదు, బస్సు వస్తుంటే చెయ్యి చాపాలి. ఈ చివరిది మాత్రం అమ్మకి నేర్పక్కర్లేకపోయింది.

నేను ఇవన్నీ చెప్తుంటే అమ్మ తలూపుతోందే గాని వినడం లేదు. మావాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడు ఒక్కో స్టాప్ పేరూ డచ్చివాళ్లు పలికినట్టే పలుకుతుంటే, ఆవిడ పాల లెక్కల డైరీ తీసి చెవిన పడింది పడ్డట్టు తెలుగులో రాసుకుంది. మా పేట గ్రాస్‌రైక్‌ని "ఖ్రాస్‌రెయ్క్" అని రాసింది. ఇన్నేళ్లుగా నేను పలుకుతున్నదానికంటే అదే సరైన ఉచ్చారణ. రాసింది వాడు చదవలేడు, వాడు ఫోన్‌లో చూపించింది ఆవిడ చదవలేదు. అయినా పని జరిగిపోయింది. గుర్తు కోసం ఎవల్యూన్ కూడా చెప్పాడు. 1966లో ఫిలిప్స్ వాళ్లు ఎగిరే పళ్లెం ఆకారంలో కట్టించిన భవనం అది. "వచ్చేటప్పుడు 401 నంబరు బస్సులో అది కనిపించాక సంచి సర్దుకో, అప్పుడే లేవకు" అన్నాడు. అదీ డైరీలోకి ఎక్కింది.

ఆ శనివారం ఆవిడ ఒక్కతే వెళ్లింది. స్టేషన్ వెనక నెకర్‌స్పూల్ బస్టాండ్‌లో మారి, వూన్సెల్ సంతలో కొత్తిమీర, వంకాయలు, ఎందుకో తెలియదు గాని ఒక పూలకుండీ కొనుక్కుని వచ్చింది. నేను ఫోన్ చేతిలోంచి దించలేదు. వాడు గదిలో ఆడుకుంటూనే ఉన్నాడు.

ఇక్కడి వరకు రాసి ఆపితే చక్కటి సలహాలా ఉంటుంది. కానీ ఆ రాత్రి అన్నం తింటూ అమ్మ అన్న మాట ఇంకా వదలడం లేదు. "బస్సు బాగుంది. చల్లగా, శుభ్రంగా, చప్పుడు లేకుండా పోతోంది. ఎక్కేటప్పుడు డ్రైవరు నమస్కారం కూడా పెట్టాడు. కానీ పక్కనున్న పిల్ల దిగేదాకా నావైపు తల తిప్పలేదమ్మా. మన బస్సులో అయితే ఈపాటికి దాని పెళ్లి సంబంధం కూడా తెలిసేది." మావాడు నవ్వి, "బస్సులో ఎవరినీ కదిలించకూడదు అమ్మమ్మా" అన్నాడు. ఆ పద్ధతి వాడికి నేర్పింది బడి ఒక్కటే కాదు. అమ్మ బస్సులో ఫోన్ మాట్లాడితే గొంతు తగ్గించమని సైగ చేసేది నేనే. ఇంటికొచ్చాక, అమ్మమ్మతో తెలుగులో గట్టిగా మాట్లాడరా అని వాడి వెంటపడేదీ నేనే. నాకు కావలసింది బస్సులో నోరెత్తని పిల్లాడా, పక్క సీటువాళ్లని పలకరించే పిల్లాడా? ఒకే పిల్లాడు రెండూ అవుతాడని నమ్ముతూ వచ్చాను. ఇప్పుడు అంత ధీమాగా చెప్పలేను.

వాడు రాననడం ఆవిడ మీద గౌరవం లేక కాదని మాత్రం తెలిసింది. ఆవిడకి చేతనవుతుందని నాకంటే ముందు నమ్మింది వాడే. అయితే వాడు పక్కన కూర్చుని ఉంటే ఆవిడ ఆ దారంతా మాట్లాడుతూ వెళ్లేది. ఆ నష్టం ఏ కార్డుతోనూ తీరేది కాదు. తోడంటే దారి చూపించడమేనా? మా నాయనమ్మకి నేను దారి చూపించలేదు, దారంతా ఆవిడకి తెలుసు. అయినా ఆవిడకి నేను కావాలి.

ఇప్పుడు ఇంట్లో ఇంకో గొడవ. ఫెల్డ్‌హోవెన్‌లో ఉన్న స్నేహితుడి ఇంటికి ఒక్కడే బస్సులో వెళ్తానంటున్నాడు వాడు, అమ్మమ్మ వెళ్లగా లేనిది నాకేమిటని. వద్దంటున్నది నేను కాదు, అమ్మ. "పదేళ్ల పసివాణ్ణి ఒంటరిగా ఎలా పంపిస్తావే, కావాలంటే నేను వెంట వెళ్తా" అని పట్టుబట్టింది. వాడు ససేమిరా అంటున్నాడు. ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు, బుధవారం మధ్యాహ్నం లోపు ఏదో ఒకటి చెప్పాలి.