పెద్దపేగు క్యాన్సర్: బ్లాకు నుంచి జన్యు స్కోరు దాకా

రెండో దశ పెద్దపేగు క్యాన్సర్‌లో ఆపరేషన్ తర్వాత కీమో ఇవ్వాలా వద్దా అన్నదే పెద్ద చిక్కు. చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది, కొందరికి తిరగబెడుతుంది. ఆ కొందరిని పోల్చుకోవడానికి వచ్చిన పరీక్షల్లో 12 జన్యువుల ఆంకోటైప్ డీఎక్స్ కోలన్ ఒకటి. గడ్డను దాచిన మైనపు దిమ్మె (బ్లాకు) నుంచి పల్చటి పొరలు స్లైడ్ల మీదికి తీసి, ఆ కణజాలంలో ఈ జన్యువుల ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచి, తిరగబెట్టే ముప్పుకు ఒక స్కోరు ఇస్తారు. ఐదు జన్యువులు పోలికకు మాత్రమే. మిగతా ఏడింటిలో ఎంకేఐ67, మిక్, ఎంవైబీఎల్2 కణవిభజనవి. బీజీఎన్, ఎఫ్‌ఏపీ, ఐఎన్‌హెచ్‌బీఏ స్ట్రోమావి, అంటే క్యాన్సర్ కణాల మధ్య అల్లుకుపోయిన పీచు కణజాలానివి. ఏడోది గాడ్45బీ. కణాలు జోరుగా విభజన చెందితే ముప్పెక్కువ అనుకుంటాం కదా, ఇక్కడ లెక్క తారుమారు. విభజన జన్యువులు పెరిగితే స్కోరు తగ్గుతుంది, స్ట్రోమావి పెరిగితే స్కోరూ పెరుగుతుంది.

అందుకే స్లైడు మీద ఏ భాగం గీకామన్నదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రంగు వేసిన స్లైడు మీద పాథాలజిస్టు మార్కర్‌తో గడ్డ చుట్టూ గీత గీస్తారు. రంగు వేయని స్లైడును దానిమీద పెట్టి, గీత లోపలి కణజాలాన్నే బ్లేడుతో గీకి ట్యూబులోకి తీయాలి. కండర పొర, మామూలు మ్యూకోసా (పేగు లోపలి పొర), చచ్చిన కణజాలం కలిస్తే వచ్చే అంకె ఆ గడ్డది కాదు. ప్రతి కేసుకూ కొత్త బ్లేడు తప్పనిసరి, లేదంటే ముందు రోగి కణాలు అంటుకొస్తాయి.

అసలు నష్టం చాలాసార్లు ల్యాబుకు రాకముందే జరిగిపోతుంది. పేగును కోసి విప్పకుండా డబ్బాలో పడేస్తే ఫార్మలిన్ (కణజాలం చెడకుండా నిలిపే ద్రవం) లోపలికి అందదు, అది గంటకు సుమారు ఒక మిల్లీమీటరే దిగుతుంది. లోపల ఆర్‌ఎన్‌ఏ కుళ్లిపోతుంది. ముక్కకు పదింతల ఫార్మలిన్ పోయాలి, 6 నుంచి 72 గంటల్లోపు తీసేయాలి. బ్లాకులోని ఆర్‌ఎన్‌ఏ ఎలాగూ తునకలై ఉంటుంది కాబట్టి ఆర్‌ఎన్‌ఏ తోకకు అంటుకునే ఆలిగో-డీటీ ప్రైమర్లు (నకలు మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పనికిరావు. ర్యాండమ్ ప్రైమర్లు గానీ ఆ జన్యువుకే చేసిన ప్రైమర్లు గానీ వాడి, పీసీఆర్‌లో (డీఎన్‌ఏను పదేపదే రెట్టింపు చేసే పద్ధతి) నకలయ్యే ముక్కను 100 బేస్‌లలోపు ఉంచాలి. డీఎన్‌ఏను ముక్కలు చేసే డీఎన్‌ఏజ్ వేసినా, ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని ట్యూబు ఒకటి పక్కన నడపాల్సిందే. అందులోనూ సిగ్నల్ వస్తే డీఎన్‌ఏ మిగిలిందని అర్థం.

సీటీ అంటే సిగ్నల్ కనబడటానికి పట్టిన పీసీఆర్ చక్రాల సంఖ్య, అది ఒకటి తగ్గితే ఆర్‌ఎన్‌ఏ రెట్టింపు ఉన్నట్టు. ఎఫ్‌ఏపీ సీటీ ఒక రోగిలో 30, ఇంకొకరిలో 28 వచ్చిందనుకోండి. రెండోవారిలో నాలుగింతలు ఉందని వెంటనే అనేయకూడదు. పోలిక జన్యువుల సగటు మొదటివారిలో 26, రెండోవారిలో 24 అయితే ఇద్దరి తేడా 4 చొప్పునే, అంటే ఎఫ్‌ఏపీ సమానమే. మొదటి బ్లాకు పాడైందంతే.

2011లో వచ్చిన క్వేసర్ అనే క్లినికల్ ట్రయల్ ఫలితాల్లో మూడేళ్లలో తిరగబెట్టే ముప్పు తక్కువ స్కోరువారికి 12 శాతం, ఎక్కువ స్కోరువారికి 22 శాతం. కీమో ఎవరికి పనిచేస్తుందో మాత్రం ఈ స్కోరు చెప్పలేకపోయింది. కాబట్టి స్కోరు ఒక్కదాన్నే నమ్ముకోకుండా, ముందు డీఎన్‌ఏ నకలులో తప్పులు దిద్దే ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 ప్రొటీన్లు గడ్డలో ఉన్నాయో లేదో చూసే స్టెయినింగ్ చేయించండి. ఏదైనా లేదని రాసేముందు పక్కనున్న మామూలు లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) రంగు పట్టాయో లేదో చూడాలి. అవీ పట్టకపోతే స్టెయినింగే విఫలమైనట్టు, మళ్లీ చేయాలి.